రెక్కల పసుపు, మేక కార్జం

హట్టి బంగారు గనుల నుంచి వచ్చే బస్సు మా క్యాంపు దగ్గర ఆగింది. కండక్టరు దిగకుండా మెట్టు మీదే నిలబడి కేకేశాడు. "సైన్సు మేష్టరు పోయిండంట! నిన్న పొద్దుగాల, గని క్వార్టర్సుల, బిడ్డ ఇంట్ల. పండ్లు తోముకుంట తోముకుంట ఒరిగిండంట." చెప్పాల్సింది చెప్పేశాక టిక్కెట్ల సంచీ సర్దుకుని రైట్ అన్నాడు. బస్సు లేపిన దుమ్మంతా నా నోట్లోకి వచ్చింది. ఉమ్ముకుంటూ ఇంట్లోకి నడిచాను. మేష్టారి వల్ల నా నోరు పాడవడం అది మొదటిసారి కాదు. చివరిసారి అవుతుందనుకోలేదు.

మా ఆవిడకు చెబితే ముందు నవ్వింది. "పళ్ళు తోముకుంటూనా? ఆయన పళ్ళు తోమేవారా?" అంది. ఆ తరవాత గడప మీద కూలబడింది.

ఆదివారం బళ్ళో సంతాపసభ పెట్టారు. బియ్యం మిల్లు ఆసామి ఒకాయన తెల్లచొక్కా మడత నలగకుండా లేచి, "మేష్టారు మల్లెపూవు లాంటి మనిషి, శుభ్రతకు మారుపేరు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. సంతాపసభలో చప్పట్లు! చచ్చిపోయినవాణ్ణి కడిగి, గంధం పూసి, మనకు నచ్చిన వేషం కట్టి కూచోబెట్టడం కంటే రోత పని ఇంకొకటి నాకు తెలియదు. ఆయన బతికుండగా ఆ మిల్లు ఆసామి గాలివాలు చూసుకుని మరీ పలకరించేవాడు.

అందుకని నేను రాస్తున్నాను. మల్లెపూల వాసన కావాలనుకునేవారు ఇక్కడే ఆగిపోవచ్చు. మా మేష్టారి దగ్గర అమోనియా వాసన వచ్చేది. అది రాని రోజున అంతకంటే చెడ్డది వచ్చేది. ఆయన చేసిన ఉపకారం నా ఇల్లు నిలబెట్టింది. ఆ ఉపకారమూ వాంతి తెప్పించేదిగానే ఉండేది. ఒకటి చెప్పి ఒకటి దాస్తే ఆయన ఒప్పుకోరు.

మాది కృష్ణ ఒడ్డు. తుంగభద్ర కాలువ వస్తోందని విని, ఉన్నది అమ్ముకుని వచ్చి, జవళగేర దగ్గర నల్లరేగడిలో గుడిసెలు వేసుకున్నాం. ఇలాంటి వలస వాడలనే ఇక్కడ క్యాంపులంటారు. ఆ రేగడి గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. వాన పడితే అది ఒక చెప్పు పీక్కుంటుంది. ఆ చెప్పు కోసం వంగితే రెండోది పీక్కుంటుంది. మా నాన్న మొదటి వానాకాలమంతా ఆ నేలను తిట్టిపోశాడు. రెండో ఏడు వరి ఏపుగా వచ్చాక అదే నేలకు దణ్ణం పెట్టాడు. మనిషి ఇంతే. సరే, సంగతికి వస్తాను.

ఆ తొలి ఏళ్ళలో క్యాంపులో వాంతులూ భేదులూ వచ్చి కొందరు పోయారు. పోయినవాళ్ళలో మా నాన్న ఒకడు. మిగిలిన పెద్దలు కూచుని ఒక కట్టుబాటు చేశారు: పచ్చిది ఏదీ నోట్లో పెట్టకూడదు. కాలువ నీళ్ళు మూడు పొంగులు రానిచ్చి మరీ తాగాలి. నీళ్ళ మటుకు అది బంగారం లాంటి మాటే. మా ఆడవాళ్ళు దాన్ని ఆకుకూరలకూ పట్టించారు. తోటకూర తెచ్చి మూడు పొంగులు ఉడికించేవారు. పొంగుపొంగుకూ ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ కొత్త నీళ్ళు పోసేవారు. పప్పుకూ అదే మర్యాద. అన్నానికి గంజి వార్చడం ఎలాగూ ఉంది. చివరికి కంచంలోకి వచ్చేది కూర కాదు, కూర శవం. బూడిదరంగు పీచు. దాన్ని మేం శుభ్రత అనుకుని తిన్నాం.

చుట్టూ ఊళ్ళలో ఇక్కడివాళ్ళు జొన్నరొట్టె మీద పచ్చి మెంతాకు, పచ్చి ముల్లంగి ఆకు కట్టగా పెట్టుకుని కరకర నమిలేవారు. మా అమ్మ అది చూసి మొహం తిప్పుకునేది. "గొడ్లకీ వీళ్ళకీ తేడా కొమ్ములేనే" అనేది కోడలితో.

మేష్టారు ఇక్కడివారే. మాన్వి వైపు పల్లె. ఉర్దూలో చదువుకున్నారు. హైదరాబాదులో ఒక కాలేజీ ప్రయోగశాలలో గాజుబుడ్లు కడుగుతూ, కడుగుతూనే నేర్చుకుంటూ, పట్టా కూడా సంపాదించారు. రాష్ట్రాలు పంచుకున్నప్పుడు మా జిల్లా మైసూరు వైపు పడింది. అప్పుడు జవళగేర బడికి వచ్చారు. ఊళ్ళో ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు వాసన భరించలేక ఖాళీ చేయించారు. మా గొడ్లసావిడి చివర ఒక గది ఉండేది. అక్కడైతే ఏ వాసన ఎవరిదో తేలదు కదా అని ఇచ్చాను.

ఆయన పిచ్చి సీతాకోకచిలుకలు. అయ్యో ఎంత అందమైన పిచ్చి అనుకోకండి. కాలువగట్టున గేదెలు ఉచ్చ పోసిన చోట పసుపువీ తెల్లవీ గుంపులుగా వాలి, ఆ తడిని గొట్టంతో పీలుస్తుంటాయి. మేష్టారు ఆ బురదలోనే గొంతుక్కూచుని టోపీతో పట్టేవారు. రెక్కలు తుంచి ఊరగాయ జాడీలో వేసి, పైన అమోనియా నీళ్ళు పోసేవారు. మొండేలు చీమలకు. జాడీలో పసుపు దిగేది. ఒక రోజు ఆ జాడీ మీద మూత తీసి నా ముక్కు కింద పెట్టారు.

"ఏంది అన్నా, గట్ల ముక్కు మూసుకున్నవ్?"

"కంపు మేష్టారూ!"

"ముక్కుతోని చూస్తే కంపే. జర కండ్లతోని చూడు."

చూశాను. లేత పసుపు. సీమలో మొట్టమొదట ఆ రంగును పట్టుకున్న పండితుడు అది ఉచ్చలో ఉండే సరుకే అనుకున్నాడట. తరవాతివాళ్ళు తేల్చిందేమంటే అది కాదు, దానికి దాయాది. టెరిన్ అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో రెక్క అనే మాటలోంచి తీశారట. మేష్టారు బొగ్గుముక్కతో సావిడి గోడ మీద బొమ్మ వేసి చూపించారు. రెండు వలయాలు, మధ్య గోడ ఒకటే, పక్కపక్క వాటాల్లాగా. ఆ రెండు వాటాల మూలల్లో నాలుగు చోట్ల నత్రజని కాపురం. అంచున ఒక ఆక్సిజన్ ఉంటే రెక్క పసుపు. పక్కనే ఇంకొకటి వచ్చి కూచుంటే తెలుపు. కందిరీగ నడుము మీది పసుపు పట్టీ కూడా ఈ ఇంటిదే. నేను అయిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి. ఆ బొమ్మ మీద పిడకలు కొట్టొద్దని మా పాలేరుకు చెప్పాను, అది మాత్రం నా గొప్పే.

"పురుగు ఒంట్ల మిగిలిన చెత్తను అది పారేస్తలేదు అన్నా," అనేవారు మేష్టారు. "రెక్కలకు అద్దుకొని పండుగ చేస్తున్నది. రోత అనేది దినుసుల లేదు, మన మూతిల ఉన్నది."

ఒకసారి నన్ను రాయచూరు తీసుకుపోయారు. అక్కడ కాలేజీలో ఆయన స్నేహితుడి దగ్గర కంటికి కనబడని వెలుగునిచ్చే దీపం ఒకటి ఉంది. చీకటి అలమరలో పెట్టి చూడాలి. మేష్టారు అద్దుడు కాగితం పట్టీల మీద రకరకాల చుక్కలు వేసి, జాడీలో వేలాడదీసి, తడి పైకి పాకనిచ్చి, ఆరబెట్టి తెచ్చారు. దారి పొడుగునా బస్సులో ఆ పట్టీలను నేనే చేతిలో పట్టుకున్నాను. అలమరలో పెట్టగానే చుక్కలు నీలంగా, ఆకుపచ్చగా రగిలాయి. నిప్పు లేకుండా మంట. నేను నోరు తెరిచేశాను.

"ఇది రెక్కలది. ఇది ఈగల తలకాయలది, నలిపి పెట్టిన," అంటూ చూపించారు.

"ఇదేది? అన్నిటికంటే బాగా నీలంగా వెలుగుతోంది."

"గదా? గది నాదే. పొద్దుగాలది."

ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "మనుషుల ఉచ్చల కూడ ఉంటది అన్నా, గిదే ఇంటి సరుకు. సీతాకోకచిలుకకూ మనకూ చుట్టరికం," అని భుజం తట్టి, ఆ చేత్తోనే హోటల్లో ఇడ్లీ తుంచి నా ప్లేటులో వేశారు. తినలేదని అలిగారు కూడా.

నాకు ఆయన జ్ఞాపకాలు ఇలాంటివే. ఏది తలుచుకున్నా నాలుక మడతపడుతుంది. పోయిన ఏడు హట్టికి చూడ్డానికి వెళితే మంచం మీద కూచుని అదే పురాణం. పిల్లలకు నెత్తురు కేన్సరు వస్తే, టెరిన్ తలకాయే ఉన్న ఫోలిక్ ఆమ్లమనే విటమినుకు అచ్చం కవలలా ఉండే దొంగ మందు ఒకటి ఇస్తారట. చెడ్డ కణం దాన్ని నమ్మి మింగి ఆగిపోతుందట. టెరిన్లలోనే ఇంకొకటి మన కాలేయంలో, అంటే కార్జంలో, కూచుని ఒక అమైనో ఆమ్లాన్ని ఇంకొకటిగా మారుస్తుందట. ఆ పని జరగకపోతే పసివాడి బుద్ధి ఎదగదట. ఇదంతా చెబుతూ చెబుతూ ఉమ్మి నా చొక్కా మీద పడేసరికి, తన తువ్వాలుతోనే తుడిచారు. ఆ తువ్వాలు గురించి రాయను.

ఇప్పుడు అసలు సంగతి. మేష్టారు మా సావిడిలో ఉండే రోజుల్లో మా ఆవిడకు మూడో కడుపు. ఆరో నెల దాటింది. వానాకాలం. మనిషి పిండిబొమ్మలా తెల్లబడింది. గుమ్మం దాకా నడిస్తే ఆయాసం. తిన్నది నిలవదు, విరేచనాలు. దవాఖానాలో ఇనుపమందు ఇచ్చారు. పళ్ళు నల్లబడ్డాయి, దొడ్డికి తారులా వచ్చింది, మొహం మాత్రం తెలుపు వీడలేదు. సింధనూరు సంతలో బలం టానిక్కు కొన్నాను. మూత తీస్తే కుళ్ళిన బెల్లం వాసన. అది తాగితే ఇంకా వాంతులు. మా క్యాంపు మంత్రసాని వచ్చి కడుపు తడిమి, బయటికి వచ్చి నా మొహమ్మీదే చెప్పింది: "బాబూ, ఈవిడ పురుడు దాటదు. లోపలి బిడ్డకూ కదలిక తగ్గింది. మీ వాళ్ళకు కబురు పెట్టుకో."

ఆ మాట సావిడిలోంచి మేష్టారు విన్నారు. చేతులు పైజామాకు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"చెల్లె, నాలుక చూపియ్."

మా ఆవిడ సిగ్గుపడింది. మా అమ్మ, "అన్నయ్యే కదే, చూపించు," అంది. ఆవిడ నాలుక చాపింది. చూసి నేను కళ్ళు మూసుకున్నాను. ఎర్రగా, నున్నగా, తోలు వలిచిన మాంసంలా ఉంది. మేష్టారు మాత్రం వంగి, సీతాకోకచిలుక రెక్క చూసినట్టే చూశారు.

"ఇనుము తక్కువైన నాలుక గిట్లుండదు. ఇటికెలున్నయి అన్నా, మేస్త్రీ లేడు. నేను డాక్టర్ను గాను. పా, సింధనూరు పోదాం."

బండి కట్టుకుని పోయాం. అక్కడ డాక్టరు వేలు పొడిచి, గాజుపలక మీద చుక్క వేసి, భూతద్దం గొట్టంలో చూశారు. కణాలు ఉబ్బి పెద్దవైపోయాయి, ముదిరి విడిపోవడం లేదు అన్నారు. ఫోలిక్ ఆమ్లం మాత్రలు కావాలి, మా దగ్గర నిండుకున్నాయి, రాయచూరులో చూడండి అన్నారు. మేష్టారు తల ఊపారు.

తిరిగి వచ్చాక అరుగు మీద కూచుని మా అమ్మకు విడమరిచి చెప్పారు. "పెద్దమ్మా, నెత్తురు పుట్టాలంటే ఒక మందు కావాలె. అది ఆకుల్ల ఉంటది, కార్జంల ఉంటది. దాని తలకాయ ఉన్నది చూడు, గది సీతాకోకచిలుక రెక్కలల్ల ఉన్న సరుకే."

"ఆ పురుగుల్లోనా నాయనా?"

"తల అదే పెద్దమ్మా. నేను రాయచూరు పోయి మాత్రలు తెస్త. అప్పటిదాక ఆకుకూర ఉడికిచ్చి నీళ్ళు పారబొయ్యకున్రి. పచ్చి ఆకు పెట్టున్రి."

మర్నాడు తెల్లారకముందే వెళ్ళిపోయారు. వాన పట్టుకుంది. బస్సులు ఆగిపోయాయి.

మా అమ్మ ఆయన చెప్పిన దాంట్లో ముందు సగం మాత్రమే మనసులో పెట్టుకుంది. దానికి ఆవిడ సిద్ధాంతం కారణం. తిండి అనేది శుభ్రంగా ఉండాలి, మందు అనేది రోతగా ఉండాలి. పచ్చి మెంతాకు తిండి, కనుక చచ్చినా పెట్టదు. సీతాకోకచిలుక మందు, కనుక ఎంత రోతైతే అంత గుణం. వాన తెరిపిచ్చినప్పుడల్లా క్యాంపు పిల్లలు గట్టు మీద పసుపు రెక్కల వెంట పరుగులు పెట్టారు. మా అమ్మ వాటిని పెనం మీద దోరగా వేయించి, కల్వంలో వేసి నూరి, తేనెతో రంగరించింది. బూడిదా పసుపూ కలిసిన ముద్ద. అందులో వెంట్రుకల్లాంటి మీసాలు, విరిగిన కాళ్ళు. ఇన్నేళ్ళయినా ఇది రాస్తుంటే కలం కింద పెట్టి ఒకసారి బయటికి వెళ్ళొచ్చాను.

"ఏంటమ్మా ఈ పని?" అన్నాను.

"నోరుమూసుకో. మేష్టారు చెప్పిన మందు. నీ దగ్గర ఇంతకంటే మంచిదుంటే తీసుకురా."

నా దగ్గర ఏముంది? మూతి వంకర్లు తప్ప ఏమీ లేదు.

"అత్తయ్యా, ఇందులో కాలుంది," అంది మా ఆవిడ నీరసంగా.

"కాలు తీసేస్తాలే. కళ్ళు మూసుకుని మింగు తల్లీ."

మింగింది. పెదాల మీద పసుపు పొడి మెరిసింది. కాసేపటికి కక్కింది. మా అమ్మ మళ్ళీ నూరింది. వాన ఆగలేదు, మేష్టారు రాలేదు, నూరడం ఆగలేదు. మా ఆవిడ పక్కమీంచి లేవడం మానేసింది. కళ్ళు తెరిచి చూసేది గానీ ఎవర్ని చూస్తోందో తెలిసేది కాదు.

మేష్టారు రాయచూరు దారిలోని పోతనాళ దాకా ఏదో లారీ మీద వచ్చి, అక్కడి నుంచి బురదలో నడిచి వచ్చారు. తొడల దాకా రేగడి. ఒక చెప్పు చేతిలో ఉంది, రెండోది రేగడి తీసుకుంది. మాత్రలు లేవు. రాయచూరు దుకాణంవాళ్ళు హైదరాబాదు నుంచి తెప్పిస్తామన్నారట. బస్సు నడవగానే పంపుతామన్నారట. అదంతా చెబుతూనే అరుగు మీది కల్వం వైపు చూశారు.

"ఇదేంది?"

"మీరు చెప్పిన మందే నాయనా," అంది మా అమ్మ. ఆ గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది.

మేష్టారు వేలితో ఆ ముద్ద ముట్టుకున్నారు. వాసన చూశారు. ఆయన మొహంలో రోత కనబడటం నా జీవితంలో అదొక్కసారే.

"ఎన్ని దినాల నుంచి?"

ఆయన అరుగు మీద చతికిలబడి, ఆ బురద చేతులతోనే తల పట్టుకున్నారు. "నా నోరు కాలిపోను. సగం చెప్పి పోయిన. పెద్దమ్మా, ఇటు చూడు. గా మందు ఒక ఎడ్లబండి అనుకో. ముందట ఎద్దు, నడుమ కాడి, ఎనక బండి. మూడూ కలిస్తేనే సరుకు మోస్తది. ఈ పురుగు రెక్కలల్ల ఉన్నది ఉత్త ఎద్దు. కాడీ లేదు, బండీ లేదు. మన ఒంట్ల కాడి కట్టే వడ్లాయన, గదే మీ వడ్రంగి, లేడు. ఆకులకున్నడు, రోగం పురుగులకు కూడ ఉన్నడు, మనకు లేడు. మనం కట్టిన బండినే తినాలె. నువ్వు బిడ్డకు ఎద్దులు తినిపిచ్చినవ్ తల్లీ."

"మరి ముందే చెప్పొద్దా?" అంది మా అమ్మ, ఏడుపు మింగుతూ.

"చెప్పిన. పచ్చి ఆకు పెట్టమని చెప్పిన."

"గొడ్లలా పచ్చాకు తినడానికా కృష్ణ దాటి వచ్చాం?"

"గొడ్డు ఏదన్న నెత్తురు లేక పడిపోంగ చూసినవా పెద్దమ్మా?"

మా అమ్మ లేచింది. కల్వం తీసుకుపోయి పెంటలో బోర్లించింది. మేష్టారు కాళ్ళు కూడా కడుక్కోకుండా జవళగేరకు నడిచారు. చీకటి పడకముందే కటికవాడి దగ్గర తామరాకులో మేక కార్జం కట్టించుకుని వచ్చారు. "మాస్టర్ సాబ్ ఇంట్ల దావత్ ఏమో అని ఖసాయి ఖుష్ అయిండు," అన్నారు.

ఆ కార్జం సంగతి. మా అమ్మ దాన్ని మూడు పొంగులకు సిద్ధం చేసింది. మేష్టారు పొయ్యి ముందు కూచుని కాపలా కాశారు. "పొంగు లేదు, వార్చుడు లేదు. పెనానికి రెండు దిక్కుల చూపియ్, తీయ్!" పైన బూడిదరంగు, లోపల ఎర్రటి నెత్తురు జీర. నొక్కితే ఊరేది. గిన్నెలో పెట్టి ఉప్పు చల్లి మా ఆవిడ ముందు పెడితే, మొహం గోడకు తిప్పుకుంది.

"తిను చెల్లె."

"ఆయన తింటే నేను తింటా," అంది నా వైపు వేలు చూపి. ఎన్నో రోజుల తరవాత ఆవిడ ఒక పూర్తి మాట అనడం అదే.

తిన్నాను. నేను మాంసం తినేవాణ్ణే. కానీ అది మాంసం కాదు. నాలుక మీద జారే ఇనుపముక్క. మింగబోతే గొంతు వెనక్కి తోసేది. కళ్ళనీళ్ళు వచ్చాయి. మేష్టారు పక్కన కూచుని పచ్చి మెంతాకు నోరంతా తెరిచి నములుతూ, పళ్ళ సందుల్లో ఆకుపచ్చ తుంపులు చూపిస్తూ, "చూడు, ఎంత కమ్మగుందో" అనేవారు. ఏది ఎక్కువ రోతో చెప్పలేను. రోజూ ఇదే వరస. మొదట ఆవిడ రెండు ముక్కలు మింగి ఒకటి కక్కేది. తరవాత కక్కడం తగ్గింది. జొన్నరొట్టె, పచ్చాకు కూడా దిగసాగాయి. విరేచనాలు ఆగాయి. ఒక మధ్యాహ్నం కడుపులో బిడ్డ తన్నిందని మా ఆవిడ మా అమ్మ చెయ్యి లాగి పెట్టించుకుంది. మా అమ్మ ఆ సాయంత్రం తోటకూరను వార్చకుండా వండింది. నేను మారు వడ్డించమని కంచం చాపాను.

తరవాత బస్సు కండక్టరు మాత్రల పొట్లం తెచ్చి ఇచ్చాడు. చిన్న చిన్న పసుపు బిళ్ళలు. నిజం బండి, ఎద్దూ కాడీ అన్నీ కట్టి ఉన్నది. మేష్టారు ఒకటి అరచేతిలో వేసుకుని ఎంతసేపు చూశారో! "ఎంత సాఫ్‌గున్నది అన్నా. దీనికి కంపే లేదు," అన్నారు. కొంచెం నిరాశపడ్డారేమో అనిపించింది. మాత్రలు వచ్చినా కార్జం మాన్పించలేదు. పురుడయ్యేదాకా రెండూ నడవాల్సిందే అన్నారు.

పంట కోతల నాటికి ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని నా కళ్ళలోకి చూడకుండా చీర పుచ్చుకుని వెళ్ళిపోయింది. ఆ పిల్ల ఏడిస్తే పక్క క్యాంపుకు వినబడేది. కానీ నా ఇల్లు నిలబడిందని నాకు తెలిసింది పురుడు నాడు కాదు. అంతకు ముందే, ఒక సాయంత్రం.

ఇంటి వెనక పిల్లకాలువ గట్టు మీద మా ఆవిడ గోడకు చేరగిలబడి కూచుంది. మేష్టారు గిన్నె తెచ్చి పెట్టారు. అదే కార్జం, అదే ఎర్ర జీర. ఆవిడ గిన్నెలోకి చూసింది. నా వైపు చూసింది. మేష్టారి వైపు చూసింది.

"ఇక నావల్ల కాదు అన్నయ్యగారూ."

"జర ఓపిక పట్టు చెల్లె. ఇంకో నాలుగు ముక్కలు."

"మీ ముక్కలూ వద్దు, మీ పురుగులూ వద్దు, మీ ఉచ్చ కాగితాలూ వద్దు! ఛీ! ఏం మనుషులయ్యా మీరు!" అంటూ, నెలల తరబడి చెంబు ఎత్తలేని మనిషి, ఆ ఇత్తడి గిన్నె ఎత్తి, చెయ్యి వెనక్కి తిప్పి విసిరింది. గిన్నె మేష్టారి చెవి పక్కనుంచి ఈల వేసుకుంటూ పోయి నడికాలువలో పడింది. మా అమ్మ లోపల్నుంచి పరుగెత్తుకు వచ్చింది. మా ఆవిడ ఆయాసపడలేదు. బుగ్గలు ఎర్రబడి ఉన్నాయి.

మేష్టారు ఒక్క ఉదుటున కాలువలోకి దూకారు. గిన్నె ఒరిగి నీళ్ళు తాగుతూ ప్రవాహంలో పోతోంది. నడుము లోతున నీళ్ళలో ఆయన దాని వెంట పడ్డారు. టోపీ ఒక పక్కకు పోయింది, కార్జం ముక్కలు ఒక పక్కకు పోయాయి. ఎట్టకేలకు గిన్నె దొరికింది. దాన్ని రెండు చేతులా తల మీదికి ఎత్తి పట్టుకున్నారు. బురద నీళ్ళు గిన్నెలోంచి ఆయన నెత్తి మీదుగా, మొహం మీదుగా, తెరిచిన నోట్లోకి కారుతున్నాయి. ఉమ్మడం కూడా మరిచి, కాలువ మధ్య నిలబడి, నవ్వుతూ అరుస్తున్నారు:

"చూసినవా అన్నా? ఎంత దూరం కొట్టిందో చూసినవా?"